కంపచెట్లను తునకలు చేసే యంత్రం

పిల్లలూ! మీ బడి వెనుక ఖాళీస్థలం ఉందా? ఉంటే ఒక్కసారి వెళ్ళి చూడండి. ఎవరూ తిరగని నేలను ప్రకృతి ఖాళీగా ఉండనివ్వదు. మొదటి వానకు గడ్డి మొలుస్తుంది. రెండో వానకు వయ్యారిభామ తెల్లని పూలతో నిలబడుతుంది. ఏడాది తిరిగేసరికి కంపచెట్లు మోకాలెత్తు లేస్తాయి. ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే మనిషి దూరలేడు.

మా బడి రాయలసీమలో ఉంది. దాని వెనుక రెండెకరాల ఎర్రనేల. ఒకప్పుడు అది పిల్లలు కబడ్డీ ఆడుకునే స్థలం. 2020 మార్చిలో కరోనా కారణంగా బళ్ళు మూతపడ్డాయి. ఆ సంవత్సరం వానలు కురిశాయి గాని, ఆ నేలను తొక్కే పాదాలు లేవు. నవంబరులో తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచేసరికి మైదానం అడవి అయిపోయింది. మరుగుదొడ్లకు పోవాలంటే ఆ పొదల పక్కగానే పోవాలి. మొదటి వారంలోనే ఒక అమ్మాయి దారిలో రక్తపింజరిని చూసింది. దైవికంగా ముందే కనిపించింది కనుక సరిపోయింది.

ఆ స్థలాన్ని బాగుచేయాలనుకున్నాం. గొడ్డళ్ళు, కొడవళ్ళతో కొట్టించాలంటే పాములున్న పొదల్లోకి కూలీలను దింపాలి. నిప్పు పెట్టాలంటే పక్కనే గడ్డివాములు. చివరికి ఒక ట్రాక్టరును, దాని వెనుక తగిలించిన ఒక యంత్రాన్ని పిలిపించాం. ఆ యంత్రం పేరు ఫ్లెయిల్ మోయర్. మన రైతులు దీనిని మల్చర్ అనీ, ష్రెడ్డర్ అనీ కూడా పిలుస్తారు. పత్తి కట్టెను చేలోనే నలగ్గొట్టడానికి, మామిడి, కొబ్బరి తోటలలో గడ్డి కోయడానికి ఇలాంటివే వాడుతున్నారు. రెండున్నర గంటల్లో ఆ అడవి కాస్తా చదునైన మైదానం అయింది. అయితే ఆ రెండున్నర గంటల్లోనే నేను ఒక పెద్ద తప్పు చేశాను. దాని సంగతి చెప్పేముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

కొట్టే కర్ర నుంచి కోసే యంత్రం దాకా

మన పల్లెల్లో కందులు, మినుములు ఎండిన తర్వాత కళ్ళంలో వేసి కర్రతో కొడతారు గదా! యూరపు రైతులు ఇదే పనికి రెండు కర్రలు వాడేవారు. పొడుగాటి కర్రను చేత్తో పట్టుకుంటారు. దాని చివర తోలు పట్టీతో ఒక పొట్టి కర్ర వేలాడుతుంది. పొడుగు కర్రను తిప్పి కొడితే పొట్టి కర్ర గిర్రున వచ్చి కంకుల మీద పడుతుంది. ఈ సాధనాన్నే ఇంగ్లీషులో ఫ్లెయిల్ అంటారు. వేలాడుతూ తిరిగి కొట్టేది అని దాని భావం.

ఈ కొట్టే సూత్రాన్ని యుద్ధంలో కూడా వాడారు. భూమిలో పాతిన మందుపాతరలను ఎలా తొలగించాలి? మనిషి పోతే ప్రాణం పోతుంది. అందుకని రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ట్యాంకుల ముందు ఒక తిరిగే ఇరుసును అమర్చి, దానికి గొలుసులు వేలాడదీసింది. గొలుసులు నేలను బాదుతూ పోతే మందుపాతరలు ట్యాంకుకు ముందే పేలిపోతాయి. 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో ఇటువంటి ట్యాంకులు పనిచేశాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన షెర్మన్ క్రాబ్ అనే ట్యాంకుకు 43 గొలుసులుండేవి. పేలుడుకు ఒక గొలుసు తెగినా మిగిలినవి పని చేస్తూనే ఉంటాయి. వేలాడే ఆయుధంలో ఉన్న సుగుణం ఇదే. గడ్డి కోసే యంత్రంలోనూ దీన్నే చూస్తాం.

ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసు

ట్రాక్టరు వెనుక వైపు, రెండు పెద్ద చక్రాల మధ్య, పళ్ళు చెక్కిన ఒక పొట్టి ఇరుసు బయటకు పొడుచుకు వచ్చి ఉంటుంది. దీన్ని పవర్ టేక్ ఆఫ్ అంటారు. పల్లెల్లో అందరూ పీటీఓ అనే అంటారు. ఇంజను శక్తి చక్రాలకే గాక ఈ ఇరుసుకు కూడా పోతుంది. రోటవేటరుకైనా, నూర్పిడి యంత్రానికైనా శక్తి ఇక్కడినుంచే వస్తుంది.

ఈ ఇరుసు ఎంత వేగంతో తిరగాలి? ఒక్కో కంపెనీ ఒక్కో వేగం పెట్టుకుంటే ఒకరి యంత్రం మరొకరి ట్రాక్టరుకు పనికిరాదు. అందుకే 1920ల లోనే అమెరికా వ్యవసాయ ఇంజనీర్లు దీనికి ఒక ప్రమాణం ఏర్పరిచారు. ఆ ప్రమాణం నిమిషానికి 540 చుట్లుగా స్థిరపడింది. మన ఊరి ట్రాక్టరు కూడా నేటికీ దాన్ని పాటిస్తోంది.

ఇప్పుడు యంత్రం లోపలికి పోదాం. వెడల్పు సుమారు ఒకటిన్నర మీటరు ఉండే ఇనుప డొప్ప బోర్లించినట్లు ఉంటుంది. దాని లోపల, నేలకు సమాంతరంగా, ఒక చివర నుంచి మరో చివర దాకా లావాటి గొట్టం వంటి ఇరుసు ఉంటుంది. దీనికి ఇరవై, ముప్పై కత్తులు బోల్టులతో వేలాడుతుంటాయి. గడ్డికైతే ఇంగ్లీషు అక్షరం ‘వై’ ఆకారంలో ఉండే సన్నని కత్తులు, కంపకైతే బరువైన సుత్తి ఆకారపు కత్తులు.

కత్తులకు 540 చుట్లు చాలవు. అందుకని పళ్ళచక్రాల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో పెద్ద చక్రం చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఉదాహరణకు పెద్ద చక్రానికి చిన్నదానికన్నా మూడు రెట్లు పళ్ళున్నాయనుకోండి.

540 × 3 = 1620

తర్వాత యంత్రం పక్కన బెల్టు వేసిన రెండు కప్పీలుంటాయి. తిప్పే కప్పీ వ్యాసం 25 సెంటీమీటర్లు, తిరిగే కప్పీ వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుంటే,

1620 × 25 ÷ 20 = 2025

అంటే కత్తుల ఇరుసు నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుందన్న మాట. సైకిలుకు ముందు పెద్ద పళ్ళచక్రం, వెనుక చిన్నది ఎందుకుంటాయో ఇప్పుడు చెప్పగలరా?

నిలబడ్డ మొక్క ఎలా తెగుతుంది?

కొడవలితో గడ్డి కోసేవారిని చూడండి. ఎడమ చేత్తో గడ్డి పిడికెడు పట్టుకుని, కుడిచేత్తో కొడవలి లాగుతారు. పట్టుకోకుండా మెల్లగా లాగితే గడ్డి వంగిపోతుందే గాని తెగదు. మరి ఈ యంత్రంలో గడ్డిని పట్టుకునే చెయ్యి ఏది?

దానికి జవాబు మీ పాఠంలోనే ఉంది. గ్లాసు మీద అట్టముక్క, అట్టముక్క మీద నాణెం ఉంచి, అట్టను వేలితో చటుక్కున కొట్టండి. అట్ట ఎగిరిపోతుంది, నాణెం గ్లాసులో పడుతుంది. నాణేనికి కదలడానికి వ్యవధి చాలలేదు. దీన్నే జడత్వం అంటాం. మొక్కకు కూడా జడత్వం ఉంది. కత్తి తగినంత వేగంతో వస్తే, వంగడానికి వ్యవధి దొరక్క కాండం తెగిపోతుంది. మొక్కను పట్టుకునే చెయ్యి దాని జడత్వమే!

ఆ వేగం ఎంతో లెక్క వేద్దాం. ఇరుసు నడిమి నుంచి కత్తి కొనకు దూరం 20 సెంటీమీటర్లు, అంటే 0.2 మీటరు. కొన ఒక చుట్టులో తిరిగే దూరం,

2 × 3.14 × 0.2 = 1.256 మీటర్లు

నిమిషానికి 2000 చుట్లంటే సెకనుకు 33 పై చిలుకు. రెండూ గుణిస్తే సెకనుకు సుమారు 42 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్లు! ఆ వేగంతో పోయే కత్తి ఒక సెంటీమీటరు లావు కాండాన్ని దాటడానికి ఒక సెకనులో నాలుగువేల వంతు చాలు. పాపం, ఆ మొక్క ఎప్పుడు వంగుతుంది?

కత్తులు వేలాడుతూ ఎందుకుండాలి?

ఆగి ఉన్నప్పుడు కత్తులు వదులుగా, పట్టుకుంటే ఇటూ అటూ ఊగుతూ ఉంటాయి. ఇంత వదులు కత్తి కంపను ఎలా నరుకుతుంది అని అనుమానం రావచ్చు.

ఒక ప్రయోగం చేయండి. జానెడు దారానికి రబ్బరు ముక్క, అదే మీరు పెన్సిలు గీతలు చెరిపేది, గట్టిగా కట్టండి. చుట్టూ ఎవరూ లేని చోట నిలబడి గిర్రున తిప్పండి. దారం కర్రలాగా బిగుసుకుంటుంది. వేగం పెంచిన కొద్దీ మీ వేలిని ఇంకా గట్టిగా లాగుతుంది. గుండ్రంగా తిరిగే వస్తువును లోపలికి లాగి పట్టే బలాన్ని అభికేంద్ర బలం అంటాం. మీ వేలికి తెలిసేది దాని ప్రతిచర్య.

యంత్రంలోని కత్తి బరువు అరకిలో అనుకుందాం. ఆ బలాన్ని లెక్కించడానికి ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, వ్యాసార్థంతో భాగించాలి.

0.5 × 42 × 42 ÷ 0.2 = 4410 న్యూటన్లు

ఇది 450 కిలోల బరువుకు సమానం! కత్తి ద్రవ్యరాశి అంతా కొనలోనే ఉండదు కనుక నిజమైన విలువ కొంత తక్కువే. అయినా ఒక్కొక్క బోల్టుకు ఒక ఎద్దును వేలాడదీసినంత లాగుడు ఉంటుంది. అందుకే ఆ వదులు కత్తి తిరిగేటప్పుడు గడ్డపారలా బిగుసుకుంటుంది. ఒక్క కత్తి విరిగి ఊడిపోయినా ఇరుసు సమతూకం తప్పి యంత్రమంతా వణికిపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక రబ్బరు ముక్కను తిప్పుతూ, వేలాడే దుప్పటి అంచుకు తగలనివ్వండి. రబ్బరు వెనక్కు మడిచి మళ్ళీ సాగిపోతుంది. మీ చేతికి దెబ్బ తగలదు. అదే కర్ర తిప్పి గోడకు కొడితే చెయ్యి ఝల్లుమంటుంది. వేలాడే కత్తి కూడా అంతే. మొద్దుకో, బండకో తగిలితే వెనక్కు మడుచుకుని దాటిపోతుంది. కత్తి మొద్దుబారవచ్చు గాని, ఇరుసు వంగదు, పళ్ళచక్రాలు విరగవు.

రోటవేటరు కత్తులను చూడండి. అవి బిగించి ఉంటాయి, మట్టిలోకి దిగి దున్నుతాయి. ఈ యంత్రం కత్తులు మట్టిని తాకకూడదు. వెనుక ఉన్న రోలరు సాయంతో నేలకు నాలుగైదు సెంటీమీటర్ల పైన తిరగాలి. ఈ తేడా తెలియక నేలకు ఆనించి నడిపితే దుమ్ము, రాళ్ళు లేస్తాయి, కత్తులు రోజుల్లో అరిగిపోతాయి.

మెల్లగా పోతే మెత్తని తునకలు

ట్రాక్టరు గంటకు 3 కిలోమీటర్ల వేగంతో, అంటే మనం మెల్లగా నడిచినంత వేగంతో పోతోందనుకోండి. సెకనుకు 83 సెంటీమీటర్లు ముందుకు కదులుతుంది. ఆ సెకనులో ఇరుసు 33 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు రెండున్నర సెంటీమీటర్లు. ఆరు కిలోమీటర్ల వేగంతో పోతే చుట్టుకు ఐదు సెంటీమీటర్లు. కనుక మెత్తగా తునకలు కావాలంటే పీటీఓ వేగం తగ్గించకుండా ట్రాక్టరును చిన్న గేరులో నడపాలి.

మరి పని ఎంత జరుగుతుంది? వెడల్పు ఒకటిన్నర మీటరు, గంటకు 3000 మీటర్లు. గుణిస్తే 4500 చదరపు మీటర్లు. మలుపులు తిరగడానికి, వరసలు కాస్త ఒకదానిమీద ఒకటి పడటానికి ఐదో వంతు తీసేస్తే 3600 మిగులుతుంది. ఎకరానికి సుమారు 4047 చదరపు మీటర్లు గదా! గంటకు ఎకరానికి కాస్త తక్కువ. మా రెండెకరాలకు రెండున్నర గంటలు ఎందుకు పట్టిందో లెక్క సరిపోయిందా?

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. మామూలు యంత్రం వేలి లావు, రెండు వేళ్ళ లావు కొమ్మలను నలగ్గొడుతుంది. మణికట్టు లావు కంపచెట్లకు బరువైన సుత్తి కత్తులు, పెద్ద ట్రాక్టరు కావాలి. తొడలావు మొదళ్ళను ముందుగా గొడ్డలితోనో, రంపంతోనో, జేసీబీతోనో తీయించాలి. శక్తికి మించిన పని పెడితే ఏ యంత్రమైనా మొండికేస్తుంది.

నేను చేసిన తప్పు

ఆ రోజు ట్రాక్టరు నడపడానికి వచ్చినాయన నాకన్నా పెద్దవాడు. యంత్రం దించగానే నా దగ్గరికి వచ్చి, “సార్, పిల్లోళ్ళను అవతలికి పంపించండి సార్. ఇది కొడవలి మాదిరి కాదు,” అన్నాడు.

“వాళ్ళు దూరంగానే ఉన్నారు లేవయ్యా, చూసి నేర్చుకుంటారు,” అన్నాను నేను.

పిల్లలు సైకిల్ స్టాండు దగ్గర, ముప్పై మీటర్ల దూరంలో నిలబడి ఉన్నారు. ఆయన మరేమీ అనలేదు గాని, ఇంజను ఆపేసి ట్రాక్టరు దిగి నిలబడ్డాడు. కదలడని అర్థమై, కొంచెం చిరాకుగానే పిల్లలను తరగతి గదుల్లోకి పంపాను. పని మొదలైన పావుగంటకు ఢాం అని చప్పుడైంది. వెళ్ళి చూస్తే సైకిల్ స్టాండు రేకుకు చిల్లు పడి ఉంది. అవతల నిమ్మకాయంత గులకరాయి. పిల్లలు నిలబడ్డ చోటే!

భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని నేను. ముందుగా వేసుకోవలసిన లెక్కను ఆ రాత్రి వేసుకున్నాను. కత్తి తగిలిన రాయి కత్తి వేగంతోనే ఎగరవచ్చు. సెకనుకు 42 మీటర్లు. ఒక రాయి కిందికి పడుతూ ఆ వేగం అందుకోవాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలి? వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి.

42 × 42 ÷ (2 × 9.8) = 90 మీటర్లు

ముప్పై అంతస్తుల మేడ మీది నుంచి పడిన రాయి దెబ్బ అది. అదే రాయి ఏటవాలుగా పైకి లేస్తే, గాలి అడ్డును లెక్కించకపోతే, 180 మీటర్ల దూరం పోగలదు. గాలి అడ్డు వలన అంత దూరం పోకపోవచ్చు. అయినా ఈ యంత్రం పనిచేసేటప్పుడు వంద మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు అనడానికి అర్థం ఇదే.

రాయి అసలు బయటికి ఎలా వచ్చింది? ఈ యంత్రాలలో చాలావాటిలో కత్తులు ట్రాక్టరు చక్రాలకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. కత్తి నేల దగ్గర ఉన్నప్పుడు ముందుకు పోతూ గడ్డిని పైకి లేపి, డొప్ప లోపల తిప్పి వెనుకకు పారబోస్తుంది. కనుక రాయి ముందుకు ఎగరవచ్చు. దాన్ని ఆపడానికి డొప్ప ముందు రబ్బరు పట్టీలో, గొలుసు తెరలో వేలాడాలి. మేము తెచ్చిన యంత్రానికి రెండు పట్టీలు తెగిపోయి ఉన్నాయి. నేను చూడలేదు. చూడాలని తెలియలేదు.

ఇంకా రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, పీటీఓ నుంచి యంత్రానికి పోయే షాఫ్టు. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. చాలాచోట్ల అది పగిలిపోయి ఉంటుంది. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న షాఫ్టు చుట్టుకొలత సుమారు 15.7 సెంటీమీటర్లు. తొమ్మిదితో గుణించండి. సెకనుకు 1.4 మీటర్ల గుడ్డ దానికి చుట్టుకుంటుంది! భుజం మీది తువ్వాలు, ఓణీ అంచు, పంచె కొంగు ఏది చిక్కినా ‘అమ్మో’ అనేలోపే మనిషిని లాగేస్తుంది. తిరిగే షాఫ్టును దాటడం, దాని మీదుగా వంగడం ఎన్నడూ చేయకూడదు.

రెండవది, ఆపిన తర్వాత కూడా కత్తులు ఆగవు. సైకిలు తొక్కడం మానినా వెనుక చక్రం తిరుగుతూనే ఉంటుంది గదా! ఫ్రీవీలు వలన పెడళ్ళు మాత్రం ఆగుతాయి. ఈ యంత్రంలోనూ అటువంటి ఫ్రీవీలే ఉంటుంది. లేకపోతే బరువైన ఇరుసు తన జడత్వంతో తిరిగి ట్రాక్టరునే ముందుకు తోస్తుంది. కనుక ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, చప్పుడు పూర్తిగా ఆగాకనే యంత్రం దగ్గరికి పోవాలి.

పని మొదలుపెట్టే ముందు పెద్దవారు నేలంతా ఒకసారి కర్రతో తట్టుకుంటూ తిరిగి చూడాలి. రాళ్ళు, సీసాలు, ముళ్ళతీగలు ఏరివేయాలి. తీయలేని బండకో, మొద్దుకో, పాడుబావికో పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. ముళ్ళతీగ ఇరుసుకు చుట్టుకుంటే విడదీయడానికి పూట పడుతుంది.

తెగిన మొక్క చచ్చినట్లేనా?

ఆ రోజు సాయంత్రం మైదానాన్ని చూసి మురిసిపోయాం. నెల తిరగకముందే ఒక్కొక్క కంప మొదలు నుంచి నాలుగైదు చిగుళ్ళు లేచాయి. ఒక చెట్టు నలుగురైంది!

ఈ కంపచెట్టుకు మన నేలతో పాత చుట్టరికమే ఉంది. దీని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. పుట్టిల్లు అమెరికా ఖండం. 1870ల చివరలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కోసం దీని విత్తనాలు తెప్పించారు. తొలుత నాటిన చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి. సర్కారు నాటించింది కనుక సర్కారు తుమ్మ అన్నారు. మేకలు, పశువులు దీని తియ్యని కాయలు తిని, అరగని గింజలను పేడలో వదులుతాయి. అలా ఊరూరికీ చేరింది. వేరు మొదలులో నిద్రించే మొగ్గలుంటాయి. పై భాగం తెగితే అవి మేలుకుంటాయి. వేరు మొదలును మట్టి లోపలి నుంచి పెకలించకుండా ఈ చెట్టు చావదు.

వయ్యారిభామ సంగతి వేరు. మన దేశంలో ఇది పూనాలో కనబడినట్లు 1950లలో నమోదైంది. దీని స్పర్శతో చర్మం దురద పెడుతుంది, పుప్పొడితో కొందరికి ఉబ్బసం వస్తుంది. ఇది గింజల మీదనే బతుకుతుంది. పూత రాకముందే నలగ్గొడితే కొత్త గింజలు పడవు. పూసిన తర్వాత కోస్తే మనమే విత్తనాలు చల్లినట్లు! ఒక్కసారి కోస్తే మొదలు నుంచి మళ్ళీ చిగురించి పొట్టిగా పూస్తుంది. కనుక మళ్ళీ మళ్ళీ కోయాలి.

తుంగకు నేల లోపల గడ్డలుంటాయి. దానికి ఈ యంత్రం క్షవరం చేసినట్లే, అంతే. ఇక గరిక వంటి గడ్డికి పెరిగే మొగ్గ నేలకు ఆనుకునే ఉంటుంది. కత్తి దాని పైనుంచే పోతుంది. పొడవు మొక్కలు తగ్గి ఎండ తగిలితే గరిక హాయిగా పరుచుకుంటుంది. అంటే క్రమం తప్పకుండా కోయడమంటే ఏ మొక్క ఉండాలో మనం ఎంపిక చేయడమే. ప్రతి చిగురుకూ వేరులో దాచుకున్న ఆహారం ఖర్చవుతుంది. ఆకులు ఆ ఖర్చును తిరిగి సంపాదించేలోపు మళ్ళీ కోస్తే వేరు బలహీనపడుతుంది.

తునకలు ఎక్కడికి పోతాయి?

యంత్రం వెళ్ళిన దారిలో తునకలు చాపలాగా పరుచుకుంటాయి. వీటిని ఎత్తి పారేయవద్దు. ఎండ నేరుగా తగలక నేల తేమ నిలుస్తుంది. వానచినుకు దెబ్బకు మట్టి కొట్టుకుపోదు. క్రమంగా సూక్ష్మజీవులు వీటిని తిని ఎరువు చేస్తాయి.

తునకలైతేనే త్వరగా ఎందుకు కుళ్ళుతాయి? ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే అర సెంటీమీటరు భుజంతో ఎనిమిది ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 12. సూక్ష్మజీవులు కూర్చుని తినే విస్తరి రెట్టింపైంది!

అయితే ఎండిన కట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచి తీసుకుంటాయి. ఎండుతునకలను మట్టిలో కలిపిన వెంటనే పైరు పెడితే కొన్నాళ్ళు ఆకులు పచ్చబారడానికి కారణం ఇదే. పైన పరిచి వదిలేస్తే ఈ బాధ చాలా తక్కువ.

నిప్పు పెడితే ఈ లాభాలన్నీ పొగ అయిపోతాయి. పంజాబు, హర్యానాలలో వరి కొయ్యకాళ్ళు కాల్చడం వలన ఢిల్లీ దాకా పొగ కమ్ముతుందని వార్తల్లో చదివే ఉంటారు. దాన్ని తగ్గించడానికే 2018లో కేంద్ర ప్రభుత్వం మల్చర్ వంటి యంత్రాలకు ఆ ప్రాంతాల రైతులకు రాయితీ ఇచ్చే పథకం ప్రారంభించింది.

మరో మాట. పొద మనకు అడ్డమే గాని కొన్ని ప్రాణులకు ఇల్లు. చుట్టూ అంచుల నుంచి కోస్తూ లోపలికి పోతే కుందేళ్ళు, కప్పలు, పాములు నడుమ చిక్కుకుని చస్తాయి. బడి వైపు నుంచి మొదలుపెట్టి, చేల వైపుకు వరసలుగా కోస్తూ పోవాలి. అప్పుడు అవి ముందుకు పారిపోతాయి, బడిలోకి రావు. నేలమీద గూళ్ళు పెట్టే పక్షులు గుడ్లు పొదిగే రోజులు తప్పించాలి.

రేకుకు పడిన చిల్లు

మరుసటి సంవత్సరం కంప మొదళ్ళను పెకలించి, వానల తర్వాత రెండుసార్లు కోయించాం. ఆ తర్వాత నుంచి ఏటా పూతకు ముందు ఒకసారి, పండగ సెలవుల్లో ఒకసారి కోయిస్తున్నాం. సెలవుల్లోనే ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు అక్కడ గరిక పరుచుకుంది. పిల్లలు మళ్ళీ కబడ్డీ ఆడుతున్నారు.

సైకిల్ స్టాండు రేకును మార్చుదామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. తొమ్మిదో తరగతికి గతిశక్తి పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఆ చిల్లు దగ్గరికి తీసుకుపోతాను. అందులో వేలు పెట్టి చూడమంటాను. తర్వాత లెక్క వేయిస్తాను. ట్రాక్టరు నడిపినాయనకు గతిశక్తి సూత్రం తెలియదు. కాని దాని అర్థం నాకన్నా ముందే ఆయనకు తెలుసు.

మీకు ఒక పని. మీ ఊళ్ళో ట్రాక్టరు వెనుక తిరిగే యంత్రం ఏదైనా సరే, అది ఆగి ఉన్నప్పుడు, దాని యజమాని అనుమతితో చూడండి. షాఫ్టు మీద తొడుగు ఉందా? డొప్ప ముందు పట్టీలు ఉన్నాయా? లేకపోతే ఆయనకు చెప్పండి. ఎందుకు ఉండాలో చెప్పడానికి లెక్కలన్నీ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయి.